జడ వేయుట, వేయించుకొనుట, వేసికొనుట : ఒక పరిశీలనము

తెలుగు కవులు స్త్రీల జడను వర్ణించిన పద్యములు లెక్కకు మిక్కిలిగా నున్నవి. జడను నల్లత్రాచుతో పోల్చినవారు, తుమ్మెదబారుతో పోల్చినవారు, చీకటితో పోల్చినవారు పలువురు కలరు. కాని ఆ జడ నల్లిన చేయి యెవరిదని యడిగినవారు అరుదు. అల్పవిషయమువలె తోచు ఈ ప్రశ్ననే మేము ఈ వ్యాసమున పరిశీలింపబూనితిమి. జడ చరిత్ర యనగా అలంకారముల చరిత్ర మాత్రమే కాదనియు, తన తల తన చేతిలో నుండుటకు స్త్రీకి పట్టిన కాలముయొక్క చరిత్ర యనియు మా యభిప్రాయము.

ఈ పరిశీలనమునకు దారి చూపునది మన భాషయే. తల్లి కూతునకు జడ వేయును. కూతురు తల్లిచేత జడ వేయించుకొనును. కొంత యీడు వచ్చిన పిదప తానే జడ వేసికొనును. సంస్కృతమున ఆత్మనేపదము నిర్వహించు పనిని తెలుగున చాలవరకు 'కొను' అను అనుప్రయుక్తధాతువు నిర్వహించుచున్నదని విద్యార్థు లెల్లరు నెఱుగుదురు. క్రియాఫలము కర్తకే చెందినప్పుడు 'కొను' చేరును. 'వేయించుకొను' అనుచోట ఫలము తనది, చేయి పరులది. 'వేసికొను' అనుచోట ఫలమును తనదే, చేయియు తనదే. ఈ రెండు రూపముల నడుమ నున్న దూరము వ్యాకరణమున ఒక్క ప్రత్యయమే. లోకమున అది చాల పెద్దది.

ముందుగా 'జడ' యను శబ్దమునే విచారింతము. ఇది సంస్కృత 'జటా' శబ్దమునుండి వచ్చినది. అమరసింహుడు కేశములను గూర్చి చెప్పుచు, కేశరచనకు కబరి యనియు, ముడిచిన కేశములకు ధమ్మిల్ల మనియు, అల్లిన కేశములకు వేణి, ప్రవేణి యనియు పేర్లిచ్చెను. జటను మాత్రము వ్రతమునందున్నవారి కేశములుగా చెప్పెను. అనగా సంస్కృతమున వేణి స్త్రీది, జట తాపసునిది. మన భాషలో ఈ విభాగము నిలువలేదు. శివుని తలమీదివియు జడలే, చిన్నపిల్ల వీపుమీదిదియు జడయే. జడదారి యనగా తాపసుడు. వాలుజడ యనగా వయసుకత్తె సొగసు. తమిళమున 'శడై' శబ్దమునకును ఈ రెండర్థములు కలవు. కన్నడమునందును 'జడె' అల్లిన జుట్టునకు వాడుక పేరు. వ్రతమును తెలుపు మాట సింగారమునకు పేరైన ఈ మార్పును మనస్సునం దుంచుకొనవలెను. జడకు గల వ్రతచ్ఛాయ పూర్తిగా పోలేదని ముందు చూపుదుము.

ఇక వేయించుకొనుటను గూర్చి. ప్రాచీనకాలమున సంపన్నగృహములందు కేశరచన పరిచారికల పని. అజంతా 17వ గుహలోని ప్రసాధనచిత్రము ప్రసిద్ధము. అందు రాజకన్య చేత అద్దము పట్టి నిలిచియున్నది. అలంకారపు పళ్ళెము, చామరము పరిచారికల చేతులలో నున్నవి. చూచుకొనుట ఆమె వంతు, అలంకరించుట పరుల వంతు. అమరావతీశిల్పములందలి స్త్రీల కేశరచనాభేదములను శివరామమూర్తిగారు 1942లో ప్రకటించిన గ్రంథమున విచారించియున్నారు. ఆ ముడులను, పూదండల చుట్లను చూచినవారికి అవి యొంటిచేతి పనులు కావని తోచక మానదు.

తెలుగువారి పెండ్లిజడయు నిట్టిదే. జడ మొదట సూర్యచంద్రుల బిళ్లలు, నాగరము, దిగువను జడబిళ్లలు, కొసను పట్టుకుచ్చులో జడగంటలో ఉండును. జుట్టు చాలనిచో సవరము చేర్తురు. సవరమను మాటకు చమరీమృగమను అర్థమును, పెట్టుడు జుట్టను అర్థమును గూడ కలవు. 'సవరపుమెకము' అను పదబంధము ప్రాఁతతెలుగున నున్నది. రాజుల వెనుక వీచిన చామరమును, పేదింటి పెండ్లికూతురి జడలో చేరిన సవరమును ఒకే మాటకు బంధువులగుట వింతగా నున్నది. సీమంతమునకు, పెండ్లికి వేయు పూలజడ మఱింత శ్రమతో కూడినది. అరటినారమీద మల్లెమొగ్గలను, కనకాంబరములను, మరువమును కూర్చి జడకు కుట్టుదురు. మొగలిపూలకాలమున రేకులను మడిచి జడలో కూర్తురు. ఇట్టి జడ వేయుటకు ఇద్దరు ముగ్గురు ముత్తైదువలు పూటంతయు కూర్చుండవలెను. కూర్చున్న పిల్ల మెడ కదల్పరాదు. ఇన్ని చేతులు తన తలమీద పనిచేయుటయే ఆమె సౌభాగ్యమునకు గుర్తు. జడలోని పూలు వాడిపోవును గాని, నా తల దువ్వినవారు ఇందరున్నారను భావము నిలుచును. దీనిని మేము తక్కువ చేసి చెప్పము. తల్లి మోకాళ్ళ నడుమ కూర్చుండి జడ వేయించుకొన్న పూటలు మన యాడుపిల్లలకు మొదటి బడులు. చిక్కు తీయుచు తల్లి చెప్పిన సామెతలు, పొడుపుకథలు, మందలింపులు భాషాశాస్త్రమునకు గూడ సామగ్రియే.

వేసికొనుట దీనికి భిన్నమైన విద్య. మూడుపాయల అల్లికసూత్రము సులభమే. ప్రక్కపాయను నడిమిపాయ మీదుగా తెచ్చి దానినే నడిమిపాయగా చేయవలెను. పిదప రెండవ ప్రక్కపాయను అట్లే చేయవలెను. కుడియెడమల ఈ వంతు తప్పకున్న చాలును. ఎదుటివారి తలమీద ఈ పని చేయునప్పుడు కన్నును చేయియు కలిసి నడచును. తన తలమీద చేసికొనునప్పుడు ఆ రెండును విడిపోవును. చేతులు తలవెనుకకు పోవును, కన్నులు ముందే యుండును. అద్దము ముఖమును చూపునుగాని మెడవెనుకను చూపదు. వ్రేళ్ళే కన్నులు కావలెను. ఎత్తిపట్టిన చేతులు నొచ్చును. మొదటి రెండు మూడు అల్లికలు వదులైనచో జడ యంతయు వదులే యగును. అందుచేత తానే జడ వేసికొనువారు రెండుపాయములను అవలంబింతురు. మొదటిది, జుట్టునంతయు వెనుకకు దువ్వి మెడమొదట రిబ్బనుతో బిగించి, ఆ తోకను అల్లుట. ఇప్పుడు పోనీటెయిల్ జడ యని పిలుచుచున్నది ఇదియే. మొదలు పట్టి యుంచు రెండవ మనిషి చేయి లేదు గనుక ఆ పనిని రిబ్బను చేయుచున్నది. రెండవది, మెడ దాటిన పిదప జడను భుజముమీదుగా ముందునకు తెచ్చి మిగిలిన భాగమును చూచుచు అల్లుట. అందువలన వేసికొన్న జడ మొదట ఒక ప్రక్కకు కొంచెము ఒరుగును. వేయించుకొన్న జడ వెన్నుపూసవెంట నిలువుగా దిగును. అనుభవము గల తల్లి జడను చూచిన మాత్రముననే కూతురు దానిని తానే వేసికొన్నదో, ఎవరైన వేసిరో చెప్పగలదు.

ఈ చిన్న లక్షణమును వెంట తీసికొని సారస్వతమును చూతము. సంస్కృతకావ్యములందు స్త్రీ ఒంటరిగా నున్నప్పుడు కనబడు జడ ఏకవేణి. అలంకారము లేక, పూలు లేక, పలుపాయల చాతుర్యము లేక ఒక్కటిగా కట్టిన జుట్టది. అది విరహవ్రతచిహ్నము. వాల్మీకి సుందరకాండమున సీత ఏకవేణీధర. శాకుంతలము ఏడవయంకమున దుష్యంతుని యెదుటికి శకుంతల మాసిన వస్త్రములతో, నియమముచే కృశించిన ముఖముతో, ఏకవేణితో వచ్చును. మేఘసందేశమున యక్షుని భార్య విరహమునందలి తొలినాడు దండను విడిచి కట్టిన ఏకవేణితో దినములు లెక్కించుచుండును. వేణిలో దాగిన వ్రతమనగా ఇదియే. తెలుగు జడలో జటాశబ్దము నిలిచియుండుట దీనిని గుర్తుచేయుచున్నది.

ఇచట నొక సంగతి గమనింపదగియున్నది. శాపాంతమున ఆ వేణిని విప్పువాడను తానేయని యక్షుడు చెప్పుకొనును. దానిని కట్టిన చేయి యెవరిదో కవి విడిచి చెప్పడు. యుద్ధకాండమున సరమ సీత నోదార్చుచు, అనేకమాసములుగా ధరించిన ఆ వేణిని రాముడు శీఘ్రముగ విప్పునని చెప్పును. అక్కడను చెప్పబడినది విప్పు చేయియే. భట్టనారాయణుని వేణీసంహారమున భీముడు రక్తసిక్తములైన చేతులతో ద్రౌపది కురులు ముడుతునని ప్రతిజ్ఞ చేయును. నాటకము పేరే ఆ ముడి. కట్టుటగాని విప్పుటగాని పురుషుని కార్యమైనప్పుడు అది కథకు ప్రాణమగుచున్నది. స్త్రీ తన చేతితో తాను కట్టుకొన్నది మాత్రము నేపథ్యముననే యుండిపోవుచున్నది. సుందరకాండమున ఒక్కచోట ఆ నేపథ్యము ముందునకు వచ్చును. నిరాశ మితిమీరిన వేళ సీత తన వేణినే చేతబట్టి దానితో ఉరివేసికొని ప్రాణము విడువదలచును. లంకలో ఆమెకు తనదన్నది ఆ జడ యొక్కటే. దానిమీద ఆమెకు గల స్వాతంత్ర్యము చావువరకే యగుట హృదయమును కలచివేయును.

దీనికి ఎదురుగా నిలుచునది ద్రౌపది. సభలో ఆమె జుట్టు పరుని చేతబడినది. కావున ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుని యెదుట ఆమె తన జుట్టునే చేతబట్టి చూపును; తిక్కనగారి తెలుగున ఆ ఘట్టము చదువని తెలుగు విద్యార్థి యుండడు. అంతకుముందు విరాటపర్వమున నొక చిన్న సన్నివేశ మున్నది. అది అంతగా పండితుల దృష్టికి రాలేదు. విరాటనగరమున ప్రవేశింపబోవుచు ద్రౌపది కొసలు నొక్కులు తీరిన తన కేశములను తానే పైకెత్తి, కుడిప్రక్కకు చేర్చి దాచుకొనెనని వ్యాసుడు చెప్పెను. పిమ్మట నల్లని మాసిన చీర గట్టి సైరంధ్రియై సుధేష్ణ కొలువున చేరును. తనకు వచ్చిన పని యేమని అడుగగా కేశరచన చేయుట, గంధము నూఱుట, దండలు గ్రుచ్చుట యని చెప్పును. పరుల తల దువ్వునామె తన తల తానే సవరించుకొన్నది. ఆ ముడి ప్రక్కకు వచ్చుటయు గమనింపదగినది. తన చేతికి అందునది ప్రక్కయే కదా.

గోదాదేవి కథయు నిట్టిదే. శ్రీకృష్ణదేవరాయల ప్రబంధమునకు ఆముక్తమాల్యద యను పేరు రావటానికి కారణమైన సంగతి యెల్లరకు తెలిసినదే. తండ్రి స్వామికై కట్టిన దండను ఆ బాల రహస్యముగ తన కురుల ముడిచి, నూతినీటిలో తన నీడ చూచుకొని, తిరిగి బుట్టలో పెట్టుచుండెడిది. ఇచట చెలికత్తె లేదు, పట్టి యుంచు చేయి లేదు. అద్దముగూడ లేదు; నూతినీరే అద్దము. ఇతరుల కన్నులబడక తన్ను తాను అలంకరించుకొని తానే చూచుకొన్న కన్య మన ప్రబంధనాయికలలో అపురూపము. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ మూర్తికి కొప్పు ఒక ప్రక్కకు వాలియుండుట ప్రసిద్ధము. దానికి వేఱు కారణము లుండవచ్చును. ద్రౌపది కుడిప్రక్క ముడిని చూచిన కన్నులతో దీనిని చూచినప్పుడు మాత్రము, తానే ముడిచికొన్న కొప్పు ఇట్లే వాలునుగదా యని తోచును.

ఇక మన జడలన్నిటిలోను మకుటాయమానమైనది కూచిపూడి భామాకలాపమునందలి సత్యభామ జడ. సిద్ధేంద్రయోగి కృతముగా సంప్రదాయము చెప్పు ఈ కలాపమున సత్యభామ ప్రవేశమునకు ముందు తెర పట్టుదురు. తెరవెనుకనుండి నగలతో నిండిన పొడవాటి జడ తెరమీదుగా సభవైపు వ్రేలాడును. భామ ముఖము కనబడకమునుపే జడ కనబడును. అది సవాలు. తన్ను గెలిచినవారు ఆ జడను కోయవచ్చునని భామ వేషధారి పందెము వేయుట సంప్రదాయమని చెప్పుదురు. నంది తిమ్మనగారి పారిజాతాపహరణమునాటికే సత్యభామ యభిమానము తెలుగువారికి చిరపరిచితము. కూచిపూడివారు ఆ యభిమానమును జడలో నిలిపిరి.

ఆ వేషమును తరతరములుగా పురుషులే ధరించిరి. వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) సత్యభామగా దేశమంతట పేరు గాంచిరి. విరాటుని కొలువున నాట్యము నేర్పిన బృహన్నల తలను వేణిగా అల్లుకొని వచ్చెనన్న భారతవచనము ఇచట జ్ఞాపకమునకు వచ్చును. 20వ శతాబ్దిలో స్త్రీలును కూచిపూడి నాట్యమునందు ప్రవేశించి ఆ జడను తామే ధరించిరి. ఎవరు ధరించినను ఆ నగల జడ పరుల సాయమున కట్టబడునదే; వేయించుకొన్నదే. ఐనను దానిని చూపు తీరు వేసికొన్న జడ తీరు. వీపున నుండవలసిన దానిని భుజముమీదుగా ముందునకు తెచ్చి తన చేత పట్టుట, జడ వేసికొనునామె ప్రతిదినము చేయు చేష్టయే. వియోగమును నటించునప్పుడుగూడ ఈ నాయిక ఏకవేణి ధరింపదు. కృష్ణుడు రాలేదని దుఃఖించును, లేఖ వ్రాసి మాధవిచేత పంపును, జడమాత్రము విప్పదు. వేణి విప్పుటకు నాథుని చేయి రావలెనన్న పూర్వకావ్యమర్యాదను ఈ పల్లెనాటకము ఇంత సులభముగ దాటినది.

రంగస్థలమున ఇట్లుండగా ఇండ్లలో మఱొక కథ జరుగుచుండెను. దానిని చెప్పక జడ చరిత్రను ముగించుట న్యాయము కాదు. కొన్ని కులములందు భర్త మరణించిన స్త్రీకి తల తీయించుట ఆచారముగ నుండెను. బాల్యవివాహములు ప్రబలియున్న కాలమున తల్లి జడ వేయుచున్న పిల్లయే ఆ యాచారమునకు లోనగుచుండెను. నిన్నటివరకు పూలజడ కుట్టిన ముత్తైదువలే నేడు ఎదుట పడుట అశుభమని తొలగిపోవుదురు. ఇచటి క్రియారూపమును పాఠకులు గమనింతురుగాక. 'జడ వేయించుకొనెను' అని యందుము; ఆమెను గూర్చి 'తల తీయించిరి' అనియే పెద్దలు చెప్పుదురు. 'కొను' తొలగిపోయినది. కర్తృత్వము ఇంటివారిది, చేయి క్షురకునిది, తల మాత్రము ఆమెది. సౌభాగ్యచిహ్నముగ ఇతరులు నిర్మించిన జడను ఇతరులే తొలగించిరి. జడ ఆమె దెన్నడును కాలేదన్న సత్యము ఆనాడు బయటపడెను.

1856లో వితంతువివాహమును శాసనము సమ్మతించినను ఆచారము కదలలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగంపంతులుగారు జరిపించిన తొలి వితంతువివాహము ఆ గోడను పగులగొట్టినది. వివాహమనగా భర్తృలాభమని మాత్రమే చరిత్రకారులు వ్రాయుదురు. ఆ పెండ్లిపీటమీద మరల పూలజడకు అర్హత కలిగిన తల యొకటి యుండెనన్న మాటను మేము దానికి చేర్చుచున్నాము. ఈ దురాచారము తెలుగునాటికే పరిమితము కాదు. మహారాష్ట్రమునందును అట్లే యుండెను. 1890లో బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే పూనికచే క్షురకులు సభ చేరి, వితంతువుల తలలు ఇక తీయబోమని నిశ్చయించిరి. తల గల యామె కాదనుటకు వీలులేని చోట, కత్తి పట్టిన చేయి కాదన్నది. చేతిని గూర్చి మొదలుపెట్టిన మా ప్రశ్నకు ఇంతకంటె గొప్ప నిదర్శనము దొరకదు.

20వ శతాబ్దిలో ఆడుపిల్లలు బడికి పోవుట హెచ్చినకొలది జడకు కాలనియమ మేర్పడెను. గంట కొట్టులోపల జడ కావలెను. రెండుజడలు, మడిచి కట్టిన రిబ్బనులు బడిపిల్లకు గుర్తులైనవి. మొదట తల్లియో అక్కయో వేసిరి. పిమ్మట వసతిగృహములకు పోయిన పిల్లలు ఒకరికొకరు వేసికొనిరి. ఇచట 'కొను' పరస్పరార్థమును గూడ తెలుపుట మన భాషలోని మఱొక సౌలభ్యము. ఆపైని ఎవరికి వారే వేసికొనిరి. నగల జడకు పూట పట్టును. రిబ్బను కట్టి అల్లిన జడకు కొన్ని నిముషములు చాలును. సూర్యచంద్రుల బిళ్లలు పెట్టెలలోనికి పోయినవి. జడ వేసికొనుటయు, పొట్టిగ కత్తిరించుకొనుటయు, అసలు జడయే వద్దనుకొనుటయు 'కొను'తో కూడిన క్రియలే యగుట మనము గుర్తింపవలెను.

తల్లి వేసిన జడకు వెల లేదు. దానిని తీసివేసి స్వాతంత్ర్యమును నిలుపవలెనని మేము చెప్పుటలేదు. వేయించుకొనుటయందు ప్రేమ యున్నది. తన యిష్టమున లేచిపోవు వీలు కలిగినప్పుడే ఆ ప్రేమకు వన్నె. ఏకవేణి నాథునికై వేచియున్నది. పెండ్లిజడ పదిచేతుల మెప్పునకై నిలిచినది. ఆ రెంటి నడుమ, తెల్లవారుజామున అద్దమునకు ఎదురుగ నిలిచి, చేతులు వెనుకకు పెట్టి, కనబడని మూడుపాయలను వ్రేళ్ళతో వెదకికొను బాలిక జడను మన కావ్యములు వర్ణింపలేదు. అది కొంచెము ప్రక్కకు ఒరిగియుండును. ఆ ఒరపును తప్పుగా భావింపరాదు. అది ఆమె చేవ్రాలు.

మన పరిశోధకులు జానపదగేయములను, పెండ్లిపాటలను సేకరించునప్పుడు జడను గూర్చిన క్రియాపదములను గూడ పట్టికగా చేర్చినయెడల, ఏ ప్రాంతమున ఏ కులమున 'వేయించుకొనుట' ఎప్పుడు 'వేసికొనుట'గా మాఱినదో తేటపడును. వ్యాకరణము అచట చరిత్రకు సాక్ష్యము పలుకును. ఆ పనికి యువపరిశోధకులు పూనుకొందురుగాక యని కోరుచు ఇంతటితో విరమించుచున్నాము.